వాల్తేరు మిట్టపై తత్త్వవేత్త

ఆంధ్ర విశ్వకళాపరిషత్తునకు 1931 నుండి 1936 వరకు ఉపాధ్యక్షులైన సర్వేపల్లి రాధాకృష్ణన్ గారు మనకు వేదాంతిగనే పరిచితులు. కాని 1920 నాటి గ్రంథమున వారు అమెరికా తాత్త్వికుడు విలియం జేమ్స్ వ్యావహారికసత్తావాదమును విమర్శించిరి. ఫలమే సత్యమునకు గీటురాయి యనుట వారికి చాలలేదు.

1942 నాటి కమలా ఉపన్యాసములలో హిందూ సంఘమునందలి స్త్రీని గూర్చియు ప్రసంగించిరి. వారి అధ్యక్షతన 1948-49లో పనిచేసిన విశ్వవిద్యాలయ విద్యాసంఘము, విద్యావతులు లేనిదే విద్యావంతమైన జాతి లేదనెను. స్త్రీల చదువు అన్నింట పురుషుల చదువువలె ఉండనక్కరలేదనియు చెప్పెను.

ఇచ్చటనే మాకు సంశయము. 1950 రాజ్యాంగము ఇరువురకు సమానమైన ఓటు నిచ్చినది. ఓటు ఒకటైనపుడు చదువు రెండెట్లగును? దీనిని తేల్చుటకు, వారు చాలదన్న ఆ గీటురాయియే మనకు అక్కరకు వచ్చుచున్నది: వేరుపరచిన చదువు వలన ఫలమెవరికి?