పాసండ నుండి పాషండునిదాకా

ఎర్రగుడి బండలపై అశోకుడు చెక్కించిన పన్నెండవ శాసనంలో 'పాసండ' అనే మాట పదే పదే వస్తుంది. క్రీ.పూ. 3వ శతాబ్దిలో దానికి మతశాఖ అనే అర్థం. అన్ని శాఖల సారమూ వృద్ధి పొందాలని, తన శాఖను పొగిడి పరశాఖను నిందించరాదని, అందుకు వాక్సంయమమే మూలమని ఆ శాసనం చెబుతుంది. అదే మాట మన తెలుగు నిఘంటువులలో 'పాషండుడు' అయి, వేదబాహ్యుడు, నాస్తికుడు అనే అర్థాలతో నిలిచింది.

'దేవానాంప్రియ' గతి మరీ విచిత్రం. పతంజలి దానిని గౌరవంగానే వాడినాడు. 17వ శతాబ్ది నాటి భట్టోజీ దీక్షితుల సిద్ధాంతకౌముదికి వచ్చేసరికి ఆ సూత్రం పక్కన 'మూర్ఖుడు' అనే అర్థం చేరింది. ఇదంతా అశోకునిపై కక్షతో జరిగిన పని అని మన మిత్రులు కొందరు వేదికలపై ఢంకా బజాయిస్తారు. వ్యాకరణ గ్రంథాలు అంత మాట చెప్పవు. మనమూ చెప్పరాదు.

నిఘంటుకారులందరూ ఒకే తోవన నడిచినవారు కారు. బౌద్ధుడని సంప్రదాయం చెప్పే అమరసింహుడు తన కోశం మొదటి వర్గంలో, బ్రహ్మవిష్ణువులకంటె ముందే బుద్ధునికి 18 పేర్లు చెప్పి, శాక్యమునికి మరి 7 చేర్చినాడు. సుగతుడు, తథాగతుడు, మారజిత్తు మాత్రమే కాదు, వినాయకుడు కూడా అందులో ఉన్నాడు! పాషండులంటే నానావిధ చిహ్నాలు ధరించేవారు అన్నాడే గాని, నిందావాచకం వాడలేదు. అమరావతి స్తూపం రాళ్లు సున్నపుబట్టీల పాలైన రోజులలో కూడా, వీధిబడి పిల్లలు అమరం వల్లె వేస్తూ ఆ పేర్లు పలుకుతూనే ఉన్నారు. ఎవరి పేర్లు పలుకుతున్నదీ వారికి ఎవరైనా విడమరచి చెప్పినారా అనేది వేరే మాట.

బాబాసాహెబ్ అంబేడ్కర్ స్వయంగా పాళి నిఘంటువు కూర్చినారు. ఆయన రచనల 16వ సంపుటంగా అది 1998లో వెలువడింది. పాళి పదాలకు అందులో ఇంగ్లీషు, మరాఠీ, గుజరాతీ, హిందీ అర్థాలున్నాయి, తెలుగు లేదు. ఆ లోటు మనం పూరించవలసినదే. అయితే బస్తరు దక్షిణపు కొసన ఉన్న కిష్టారం వంటి చోట తెలుగు ఒక్కటే చాలదు. అక్కడి కోయలు తమను కోయతోర్ అని చెప్పుకొంటారు, అంటే మనుషులని. మన వాడుకలో మాత్రం 'కోయవాడు' అన్నది ఎగతాళి మాట అయి కూర్చుంది. పాషండుడనిపించుకొన్న మనకు ఆ బాధ తెలియనిది కాదు. కిష్టారం పేరు చివర ఆరామాన్ని వెదుకుతూ పొద్దుపుచ్చేకంటె, ధమ్మం, కరుణ, దుఃఖం వంటి మాటలకు అక్కడి పెద్దలు తమ భాషలో ఏమంటారో కూర్చుండి అడిగి రాసుకోవడం మన సంఘం ముందుగా చేయవలసిన పని.