దేవరగట్టు కర్ర ఎక్కడ పుట్టింది?

విజయదశమి అర్ధరాత్రి కర్నూలు జిల్లా హొళగుంద మండలం దేవరగట్టులో మాళ మల్లేశ్వరస్వామి కల్యాణం ముగియగానే ఉత్సవ విగ్రహాలు కొండ దిగుతాయి. నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు వాటికి కాపు. అరికెర, సుళువాయి, ఎల్లార్తి వంటి ఊళ్లవాళ్లు వాటిని దక్కించుకోవాలని మీదికొస్తారు. దివిటీల వెలుగులో కర్రలు లేస్తాయి. మర్నాడు పేపర్లో తలలు పగిలినవాళ్ల లెక్క చూసి, సీమ కదా, ఏ పాతకక్షో అనుకునేవాళ్లు పుట్టపర్తిలోనూ ఉన్నారు, హైదరాబాదులోనూ ఉన్నారు. అది పొరపాటు. ఈ బన్ని ఉత్సవం మూలం కన్నడ నేలలో మైలారుడిగా కొలిచే ఈ స్వామి కథలో ఉంది.

బన్ని అంటే కన్నడంలో జమ్మి. పేరే సరిహద్దు దాటి వచ్చింది. ఇక్కడ స్వామి చంపింది మణి, మల్లాసురులను. మహారాష్ట్రలో జెజురి ఖండోబా చంపిందీ మణి, మల్లులనే. అక్కడ అమ్మవారు మ్హాళసా, ఇక్కడ మాళమ్మ. జెజురిలో గుప్పిళ్లతో చల్లే పసుపు భండారా. దేవరగట్టులో పగిలిన తలకు అద్దే పసుపు బండారు. కర్ణాటకలోని మైలారంలో స్వామి భక్తుడైన గొరవయ్య ఎత్తైన విల్లెక్కి కార్ణికం పలుకుతాడు. ఇక్కడ తెల్లవారుజామున బసవన్న గుడి దగ్గర పూజారి చెప్పే భవిష్యవాణి కూడా కార్ణికమే. ఒకటి కలిస్తే కాకతాళీయం అనవచ్చు, ఇన్ని కలిశాక అనలేం. ధనగర్లు, కురుబలు గొర్రెల మందలతోపాటు ఈ ఎండు నేలల్లో తిప్పుకున్న దేవుడాయన. చచ్చేముందు రాక్షసులు ఏటా మనిషి రక్తం కోరారని కథ. రక్షపడ అనే చోట పూజారి తన తొడ కోసి ఇచ్చే రక్తం ఆ మొక్కుబడే.

కథ సరే, ఊరికీ ఊరికీ ఈ పోటీ ఎందుకని అడగవచ్చు. ఒకే దేవుడి మీద హక్కున్నవాళ్ల మధ్యే ఇలాంటి పోటీ పుడుతుంది. ఇంగ్లాండులో హాలటన్, మెడ్‌బోర్న్ పల్లెలు ఈస్టర్ సోమవారం చిన్న పీపాల కోసం కలబడతాయి, ఆనక కలిసి బీరు తాగుతాయి. మన దగ్గర మాట ముందే ఇచ్చుకుంటారు: బన్నికి ముందు నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు పాలు ముట్టి, కక్షలు పెట్టుకోబోమని ప్రమాణం చేస్తారు. దాని పేరు పాలబాస. పగబట్టినవాళ్లకు ఈ బాసతో పనేముంది?

ప్రాణాలు పోతున్నాయి కదా అనే అభ్యంతరం మాత్రం బలమైనది. పోయాయి, కాదనలేం. అయితే కర్ర చివర ఇనుప రింగులు, కడుపులో సారా ఏ మొక్కులోనూ లేవు. పోలీసులు, కెమెరాలు ఉన్నా ఏటా ఆసుపత్రి నిండుతూనే ఉంది, ఎందుకంటే ఇక్కడ చెల్లేది బాస ఒక్కటే. నెరణికి, కొత్తపేట పెద్దలు పాలు ముట్టేటప్పుడు ఇంకో రెండు మాటలు చేర్చాలి: కర్రకు రింగు తొడగం, తాగి గట్టు దగ్గరికి రాం.