గుమ్మం పక్కకు జరిగిపోయిన ఊరు

మొజికో అన్న పేరును జపనీయులు మూడు అక్షరాల్లో రాస్తారు. మొదటిదానికి ద్వారమని అర్థం, రెండోదానికి అజమాయిషీ అని, మూడోదానికి రేవని. జపాన్ ప్రధాన ద్వీపం హొన్షూకీ, దానికి నైరుతిలో ఉన్న క్యూషూకీ మధ్య సముద్రం ఒకచోట ఏడువందల మీటర్ల లోపుకు సన్నబడుతుంది. ఆ కన్‌మోన్ జలసంధి క్యూషూ ఒడ్డున, వచ్చేపోయేవాళ్లను ఆపి చూసే కావలి ఠాణా ఒకటి పూర్వం ఉండేదట. ఊరికి మొజి అన్న పేరు దాన్నుంచే వచ్చింది. తెలుగులో చెప్పుకోవాలంటే ద్వారపాలకుడి ఊరు. చివరి 'కో', అంటే రేవు, మాత్రం 1942లో తగిలించారు. ఈ వ్యాసమంతా నిజానికి ఆ ఒక్క అక్షరం గురించే.

ఆఫీసు పని మీద ఫుకువోకాలో ఉన్న రోజుల్లో రెండు శనివారాలు అక్కడ తిరిగాను. కొకురా నుంచి లోకల్ రైల్లో పావుగంట కూడా పట్టదు. దిగగానే ముందు కనిపించేది పట్టాల ముగింపు. మన దగ్గర పెద్ద స్టేషన్లలో రైలు వస్తుంది, ఆగుతుంది, ముందుకు పోతుంది. ఇక్కడ పట్టాలు ప్లాట్‌ఫారం అంచుకొచ్చి ఆగిపోతాయి. కగోషిమా మెయిన్ లైన్ మొదలయ్యేది ఇక్కడే. క్యూషూ రైళ్లకు సున్నా మైలు రాయి ఈ ఊళ్లోనే ఉంది.

1880లలో ఇక్కడ ఉన్నవి ఉప్పుమళ్లు. 1889లో ప్రభుత్వం దీన్ని ప్రత్యేక ఎగుమతి రేవుగా ప్రకటించింది. బియ్యం, గోధుమలు, గోధుమపిండి, బొగ్గు, గంధకం, ఈ ఐదూ ఇక్కణ్ణుంచి నేరుగా విదేశాలకు పంపొచ్చు. అసలు విషయం బొగ్గు. వెనకాల ఉన్న చికుహో గనుల బొగ్గుకు ఒక నోరు కావాలి, ఆ నోరు మొజి అయింది. 1891 ఏప్రిల్ 1న క్యూషూ రైల్వే కంపెనీ ఇక్కడ స్టేషన్ తెరిచి, తన ప్రధాన కార్యాలయాన్ని కూడా ఇక్కడికే మార్చింది. ఆ ఎర్ర ఇటుకల భవనం ఇప్పుడు రైల్వే మ్యూజియం. ఈ కంపెనీకి సాంకేతిక సలహాదారు హెర్మన్ రుమ్‌షోటెల్ అనే జర్మన్ ఇంజనీరు. జపాన్ తొలి రైళ్లలో హొన్షూవి బ్రిటిష్ వాళ్లు నేర్పినవి, హొక్కైడోవి అమెరికన్లు నేర్పినవి, క్యూషూవి జర్మన్లు నేర్పినవి. ఒకే దేశం మూడు గురువుల దగ్గర మూడు పాఠాలు నేర్చుకుని 1907 నాటికి అన్నిటినీ ఒక జాతీయ రైల్వే కిందకు తెచ్చుకుంది. లెగసీ సిస్టములు కలిపే పని చేసినవాళ్లకు ఇదెంత తలనొప్పో వేరే చెప్పక్కర్లేదు.

ఇప్పుడు మనం చూసే స్టేషన్ రెండోది. 1914 ఫిబ్రవరిలో, మొదటిదానికి కొద్ది దూరంలో కట్టారు. యూరప్ రినైజాన్స్ పద్ధతిని అనుకరించిన రెండంతస్తుల కట్టడం. చూడ్డానికి రాయిలా ఉంటుంది కానీ చెక్క. నడుమ ఒక భాగం, అటూ ఇటూ రెండు స్తంభాల్లా రెక్కలు. ద్వారాన్ని సూచించే అక్షరాన్ని పోలేలా కట్టారని అక్కడ అంటారు. నిజమో కాదో గానీ ఒకసారి విన్నాక ఇంకోలా చూడటం కష్టం. ప్రఖ్యాతమైన టోక్యో స్టేషన్ తెరిచింది అదే ఏడు డిసెంబరులో. అంటే ఇది దానికంటే పది నెలలు పెద్దది. 1988లో దేశపు ముఖ్య సాంస్కృతిక సంపదగా గుర్తించారు. రైలు స్టేషన్ భవనాల్లో ఆ గౌరవం మొదట దక్కింది దీనికే.

లోపల మూడో తరగతి వెయిటింగ్ రూమ్ ఇప్పుడు స్టార్‌బక్స్. పై అంతస్తులో దొరల భోజనశాల. మగవాళ్ల మరుగుదొడ్డి దగ్గర ఒక కంచు నీళ్లతొట్టి ఉంది. యుద్ధకాలంలో ఇనుమూ ఇత్తడీ అన్నీ ఊడ్చుకుపోయి తుపాకులకు కరిగించినప్పుడు ఇదెలాగో మిగిలిందట, అందుకే అదృష్టపు తొట్టి అంటారు. బయట ఒక కుళాయి ఉంది, దాని పేరు 'తిరిగొచ్చిన నీళ్లు' అని చెప్పుకోవచ్చు. యుద్ధం ముగిశాక ఓడల్లో తిరిగొచ్చిన సైనికులు, వలస దేశాల నుంచి ఖాళీ చేతుల్తో వచ్చిన కుటుంబాలు దిగగానే ఇక్కడ దాహం తీర్చుకునేవారు.

నన్ను ఎక్కువసేపు నిలబెట్టింది మాత్రం ఒక కన్నం. హొన్షూ వైపు షిమొనోసెకి దాకా రైలు 1901లో వచ్చింది. అక్కణ్ణుంచి ప్రయాణికులు రైల్వే పడవెక్కి జలసంధి దాటి, మొజిలో దిగి, ఒక నడవ గుండా నేరుగా ప్లాట్‌ఫారం మీదకొచ్చేవారు. ఆ నడవ దారి ఇప్పుడు మూసేశారు, గుర్తు మాత్రం ఉంచారు. ఆ గోడలో చిన్న కిటికీలాంటి సందు ఉంటుంది. యుద్ధం చివరి రోజుల్లో సైన్యం ఆజ్ఞ మీద పెట్టిన కాపలా గది అది. పడవ దిగి వచ్చే ప్రతి ముఖాన్నీ లోపలినుంచి ఎవరో చూస్తూ ఉండేవారు. కావలి ఠాణా పేరు పెట్టుకున్న ఊరికి మళ్లీ అదే పని తగిలింది.

ఇక 1942. సముద్రం కింద రైలు సొరంగం పని 1936లో మొదలైంది. మొత్తం పొడవు 3.6 కిలోమీటర్లు. మొజి వైపు మెత్తటి నేలలో షీల్డ్ పద్ధతి వాడారు, అంటే ముందు ఉక్కు గొట్టాన్ని తోస్తూ దాని చాటున తవ్వుకుపోవడం. జపాన్‌లో ఆ పద్ధతిని పెద్ద ఎత్తున వాడింది అక్కడే. పొగబండ్లు లోపల ఊపిరాడనివ్వవు కాబట్టి మొదటినుంచీ కరెంటు రైళ్లే. జూలైలో గూడ్సు, నవంబరు 15న ప్రయాణికుల రైళ్లు మొదలయ్యాయి. రెండో సొరంగం 1944లో తోడయింది.

చిక్కల్లా ఒకటే. సొరంగం పైకి తేలింది పాత మొజి స్టేషన్ దగ్గర కాదు, దానికి ఐదున్నర కిలోమీటర్ల దూరంలో ఉన్న దైరి అనే చిన్న స్టేషన్ దగ్గర. ఇంజనీరింగ్ లెక్కలో అదే సరైన చోటు. రైల్వేవాళ్లు ఏం చేశారంటే, సొరంగం తెరవకముందే, 1942 ఏప్రిల్ 1న, దైరికి మొజి అని పేరు పెట్టి, అసలు మొజికి 'మొజి రేవు' అని పెట్టేశారు. పేరు ముందు మార్చి, ట్రాఫిక్ తర్వాత మళ్లించారన్నమాట. సర్వర్లు మార్చేటప్పుడు మేమూ సరిగ్గా అదే చేస్తాం. కాకపోతే సర్వర్ చుట్టూ హోటళ్లు, కూలీలు, బళ్లవాళ్లు ఉండరు. మరుసటి రోజు నుంచి ద్వారం ఇంకోచోట ఉంది, ద్వారపాలకుడు మాత్రం పాతచోటే మిగిలాడు.

ఆ తేదీ చూసినప్పుడు నాకు వెంటనే ఇంకో తేదీ గుర్తొచ్చింది. ఐదు రోజుల తర్వాత, ఏప్రిల్ 6న, జపాన్ విమానాలు విశాఖపట్నం మీద, కాకినాడ మీద బాంబులేశాయి. అంతకుముందు నెలలో రంగూన్ జపాన్ చేతికి చిక్కింది. తరాల తరబడి కోరంగి, కాకినాడ, విశాఖ రేవుల నుంచి రంగూన్ వెళ్లిన తెలుగు కూలీలను అక్కడ కోరంగీలనేవారు. ఆ కుటుంబాలు ఎన్నో అడవుల్లో నడిచి ఇండియా చేరే ప్రయత్నం చేశాయి, దారిలో చాలామంది పోయారు. జపాన్ సైనికులు దక్షిణాది యుద్ధాలకు ఓడలెక్కిన ముఖ్యమైన రేవుల్లో మొజి ఒకటి. రేవు ఒడ్డున, యుద్ధానికి తీసుకెళ్లే గుర్రాలకు చివరిసారి నీళ్లు పట్టిన తొట్టి ఇప్పటికీ ఉంది. ఊరి చివర మెకారి కొండ మీద బర్మా పద్ధతిలో కట్టిన తెల్లటి పగోడా ఒకటి ఉంది. యుద్ధంలో పోయినవాళ్ల కోసం 1958లో బర్మా సాయంతో నిలబెట్టారు. ఈ రేవులో ఓడెక్కినవాళ్లూ, కోరంగీల ఇళ్లూ ఒకే కథలో ఎదురుబొదురు పేజీలు. ఆ పేజీలు రెండూ కలిపి చదివిన తెలుగు పుస్తకం ఒకటుంటే బాగుండుననిపించింది.

1945లో అమెరికన్లు జలసంధి నిండా మందుపాతరలు చల్లారు, జూన్ చివర్లో ఊరు కాలింది. స్టేషన్ నిలిచింది. యుద్ధం తర్వాత ఆసియా ఖండంతో వ్యాపారం తగ్గింది, బొగ్గు పోయింది. 1958లో మోటారు సొరంగం వచ్చింది. 1964 అక్టోబరు 31న రైల్వే పడవ ఆగిపోయింది. 1973లో వంతెన, 1975లో బుల్లెట్ రైలు సొరంగం. ప్రతి కొత్త దారీ మొజికోకు ఒక పని తగ్గించింది. ఆ నష్టమే భవనాన్ని కాపాడిందని నా అభిప్రాయం. రద్దీ ఉంటే దీన్నెప్పుడో కూల్చి కాంక్రీటు పెట్టెను నిలబెట్టేవారు. పేదరికంలో మిగిలిన పాత పట్టుచీర లాంటిది. అవతలి ఒడ్డున, అదే 1942లో కట్టిన షిమొనోసెకి చెక్క స్టేషన్‌కు ఆ అదృష్టం కూడా లేకపోయింది. 2006లో ఎవడో నిప్పుపెడితే కాలిపోయింది.

1995 నుంచి ఊరు తన పాతదనాన్నే వ్యాపారంగా పెట్టుకుంది. దానికి 'మొజికో రెట్రో' అని పేరు. 1912 నాటి కస్టమ్స్ ఇటుక భవనం, 1917 నాటి ఓడల కంపెనీ ఆఫీసు, 1921 నాటి మిత్సుయి క్లబ్బు, అన్నీ నడిచే దూరంలోనే. 1922 చివర ఐన్‌స్టీన్ ఆ క్లబ్బులో బసచేసి, డిసెంబరు 29న ఈ రేవులోనే ఓడెక్కి జపాన్ వదిలాడు. ఆయన గదిని అలాగే ఉంచారు. కొన్ని నాకు నచ్చలేదు. ఒక అందమైన పాత ఇటుకల భవనం కనిపిస్తే దగ్గరికి పోయి చూశాను. తీరా అది చైనాలోని దాల్యెన్‌లో రష్యన్లు కట్టిన ఒక భవనానికి 1990లలో చేసిన నకలు. వీధుల్లో అరటిపండు వేషం వేసుకున్న బొమ్మలు. వాటి వెనక కథ మాత్రం మంచిది. తైవాన్ నుంచి వచ్చిన అరటిగెలల్లో దారిలోనే ముగ్గిపోయినవాటిని కోబె దాకా పంపలేక, ఇక్కడే బల్ల మీద కర్రతో కొడుతూ, పాటలాగా ధర తగ్గిస్తూ అమ్మేసేవారు. మన సంతలో వేలంపాట ధర పెరుగుతూ పోతుంది, వాళ్లది దిగుతూ వస్తుంది. ఇక అన్నం మీద కూర పోసి, జున్నూ గుడ్డూ వేసి పొయ్యిలో కాల్చే 'యాకి కరీ' ఈ ఊరి వంటకం. బాగానే ఉంటుంది. కారం కోసం వెతక్కూడదు.

స్టేషన్‌ను 2012లో విప్పడం మొదలుపెట్టారు. విప్పడమనే అనాలి. కలపను ముక్కముక్కగా ఊడదీసి, పుచ్చినంత మేరే కొత్త చెక్క అతికి, భూకంపాలకు తట్టుకునేలా బిగించి, 2019 మార్చి 10న మళ్లీ పూర్తిగా తెరిచారు. మధ్యలో ఎప్పుడో అతికించిన ముందరి వసారాను తీసేసి తైషో కాలపు రూపం తెచ్చారు. ఒక చెక్క భవనం మీద ఆరేళ్లకు పైగా పెట్టిన ఓపిక అది.

అదే ఊళ్లో, దానికి దగ్గర్లోనే, 2023లో నగరపాలక సంస్థ కొత్త భవనం కోసం తవ్వకాలు జరిపించింది. వార్డు ఆఫీసు, లైబ్రరీ వగైరా ఒకే చోటికి తెచ్చే కట్టడం. నేలకింద 1891 నాటి మొదటి మొజి స్టేషన్ ఆనవాళ్లు బయటపడ్డాయి. ఇంజన్ల షెడ్డు పునాదులు, రాతిగోడలు. జర్మన్ గురువు కాలపు మొదటి పాఠం అది. పురావస్తు పండితులు, రైల్వే చరిత్రకారులు ఆపమన్నారు. 2024 సెప్టెంబరులో చారిత్రక కట్టడాల అంతర్జాతీయ సంస్థ ఐకోమోస్ హెచ్చరిక జారీచేసింది. టోక్యోలో 2019లో బయటపడిన తకనావా రైలుకట్టలో కొంత భాగాన్నయినా అక్కడే ఉంచి, 2021లో జాతీయ చారిత్రక స్థలంగా గుర్తించారు. ఇక్కడా అలా చేయొచ్చన్నారు. నగరం వాదన కూడా తీసిపారేయదగ్గది కాదు. పాత ప్రభుత్వ భవనాలు శిథిలమవుతున్నాయి, జనం తగ్గుతున్నారు, ముసలివాళ్లకు ఆఫీసూ లైబ్రరీ దగ్గరగా కావాలి, ఆలస్యమయ్యేకొద్దీ ఖర్చు. అయినా నేను ఆపమన్నవాళ్ల పక్షమే. ఆఫీసు కట్టడానికి ఇంకో స్థలం వెతకొచ్చు, 1891 పునాదికి ఇంకో స్థలం ఉండదు. దాల్యెన్ భవనం నకలుకు చోటు దొరికిన ఊళ్లో అసలు పునాదికి దొరక్కపోవడం నాకు మింగుడుపడలేదు. నునుపుగా, ఫోటోకు అందంగా ఉంటే పాతదనం, బురదలో నల్లరాళ్లయితే అడ్డం.

నగరం కొలతలు తీసి, రికార్డు చేసి, తొలగించే దారే ఎంచుకుంది. 2024 చివర్లో ఆ పని మొదలైంది.

రెండో శనివారం సాయంత్రం తిరిగి వెళ్లేటప్పుడు పడవెక్కాను. ఇప్పటికీ ఒక చిన్న ప్రైవేటు పడవ ఐదు నిమిషాల్లో షిమొనోసెకి చేరుస్తుంది. అక్కడ చేపల బజారులో కాసేపు తిరిగి, సముద్రం కింద ఉన్న కాలిబాట సొరంగంలో నడిచి మళ్లీ ఈవలికి వచ్చాను. 780 మీటర్లు. నడిచేవాళ్లకు డబ్బుల్లేవు, సైకిలుకు ఇరవై యెన్లు. సగం దారిలో నేలమీద రెండు రాష్ట్రాల సరిహద్దు గీత గీసి ఉంటుంది. ఒక ముసలాయన ట్రాక్ సూటులో ఆ గీతను కాలితో తాకి వెనక్కి తిరిగాడు. అది ఆయన రోజూ చేసే వ్యాయామం కాబోలు.