దీర్ఘదూరాశ్వారోహణము: పశువైద్యుని యధికారము

అశ్వచికిత్స మన దేశమున ప్రాచీనవిద్య. శాలిహోత్రుని పేర ప్రసిద్ధమైన యశ్వశాస్త్రము తెలుగువారికిని పరిచితమే. మనుమంచిభట్టు హయలక్షణవిలాసమే యిందుకు సాక్ష్యము. అయినను వైద్యము తెలిసియుండుట వేరు, వైద్యుని మాటకు రౌతు లోబడుట వేరు. ఈ రెండవది యెట్లు సిద్ధించినదో యిచట పరిశీలింతము.

1892 అక్టోబరులో జర్మను సేనాధికారులు బెర్లిను నుండి వియన్నాకును, ఆస్ట్రియా-హంగరీ సేనాధికారులు వియన్నా నుండి బెర్లినుకును పందెముగా స్వారిచేసిరి. దూరము సుమారు 580 కిలోమీటర్లు. ప్రథముడైన స్టార్‌హెంబర్గు ప్రభువు రమారమి 71 గంటలలో గమ్యము చేరెను. ఆయన నెక్కివచ్చిన అథోసు అను గుఱ్ఱము పిమ్మట మరణించెను. మఱి పెక్కు గుఱ్ఱములును ఆ పందెమునకు బలియైనవి. గడియారమే న్యాయమూర్తియైన చోట నిట్టి ఫలితము వింతకాదు.

1955లో వెండెల్ రోబీ ప్రారంభించిన టెవిస్ కప్పు స్వారి టాహో సరస్సు ప్రాంతము నుండి కాలిఫోర్నియాలోని ఆబర్ను వఱకు నూఱు మైళ్లు. గడువు 24 గంటలు. దారిలో పశువైద్యులు గుఱ్ఱములను పరీక్షించి, అశక్తములైనవానిని నిలిపివేయుదురు. 1964 నుండి మొదట చేరిన పదింటిలో నుత్తమస్థితిలో నున్న గుఱ్ఱమునకు హాగిన్ కప్పు నొసగుచున్నారు. వేగముతోపాటు దేహస్థితికిని గౌరవము లభించుట గమనింపదగినది.

ఈ పరీక్షకు శాస్త్రాధారము కలదు. విశ్రాంతిలో గుఱ్ఱపుగుండె నిమిషమునకు సుమారు 28 మొదలు 44 సార్లు కొట్టుకొనును. స్వారి నడుమ నిలిపినపుడు నియమితకాలములో నది సామాన్యముగా 64కు దిగవలెను. నడకలో కుంటు కనబడరాదు. గుఱ్ఱపుచెమటతో నీరేకాక లవణములును విశేషముగా పోవును. అందుచే రక్తము చిక్కబడినట్లు దేహమునకు తోపక, దప్పిక మందగించును. కావున గుఱ్ఱము నీరు ముట్టలేదని దానికి దాహము లేదనుకొనుట ప్రమాదకరము.

నియమములున్నంతమాత్రాన క్షేమము సిద్ధింపదు. 2015లో అంతర్జాతీయాశ్వక్రీడాసమాఖ్య, అశ్వక్షేమలోపములను నియమోల్లంఘనములను కారణముగా చూపి, ఐక్య అరబ్బు ఎమిరేట్ల సమాఖ్యను కొన్ని నెలలు బహిష్కరించెను. అశ్వమునకు వాక్కు లేదు. దాని నాడియే వాక్కు. ఆ వాక్కును వినువానికి స్వారిని నిలుపు నధికార మున్నప్పుడే యశ్వశాస్త్రము సార్థకమని మేము తలంచుచున్నాము.