నమ్మదగిన సైన్సు కోసం: తెలుక్ ఇంటాన్ తెలుగు పిల్లల నాలుగు భాషల వెతుకులాట

మలేసియాలోని తెలుక్ ఇంటాన్‌లో తెలుగింటి విద్యార్థి సైన్సు సంగతి ఏదైనా వెతకాలంటే ముందు ఏ భాషలో వెతకాలో తేల్చుకోవాలి. ఇంటర్నెట్ రాకముందు అంతా కొరత, వచ్చాక అంతా సమృద్ధి అని చెప్పుకునే కథలో ఈ చిక్కు ఎక్కడా కనబడదు. కొరత ఉన్నమాట నిజమే. అయితే అది కనెక్షన్ ఇవ్వగానే తీరిపోయే రకం కాదు.

తొలి దశ అందరికీ తెలిసినదే. ఈ రేవు పట్టణం తెలుక్ ఆన్సన్‌గా ఉన్న రోజుల్లో దిగువ పేరాక్ కొబ్బరి, రబ్బరు తోటలకు ఉత్తర కోస్తా జిల్లాల నుంచి తెలుగు కూలీలు వచ్చారు. 1923 నాటి కార్మిక చట్టం తోటల్లో పిల్లలకు బడి పెట్టాలంది. ఆ బడుల్లో చదవడం, రాయడం, కూడికలు, తీసివేతలు వస్తే చాలనుకున్నారు. అంతకు ముందే, 1906లో హైదరాబాదులో పుట్టిన విజ్ఞాన చంద్రికా మండలి రసాయన, జీవశాస్త్రాలను తెలుగులో పుస్తకాలుగా తేవడం మొదలుపెట్టింది. తోటబడి చదువుకూ ఆ పుస్తకాలకూ లంకె కుదరలేదు. తర్వాత తెలుగు బడులు ఒక్కొక్కటే మూతపడి, పిల్లలు తమిళ బడులకో మలయ్ బడులకో మళ్లారు.

అసలు వివాదం 2003 దగ్గర మొదలవుతుంది. ఆ ఏడాది నుంచి మలేసియా ప్రభుత్వం లెక్కలు, సైన్సు ఇంగ్లిషులో చెప్పించింది. తమిళ బడులు కూడా ఇందులో ఉన్నాయి. ఆ విధానాన్ని వెనక్కి తీసుకుంటున్నట్టు 2009 జూలైలో ప్రకటించారు. దీని గురించి రెండు మాటలు వాడుకలో ఉన్నాయి. ఇంగ్లిషు రావడంతో ప్రపంచంలోని సైన్సంతా పల్లె పిల్లల ముందు తెరుచుకుందని ఒకటి. ఇంటి భాషకు దగ్గరైన బోధన తిరిగి రావడంతో అర్థం కావడం మొదలైందని రెండోది. రెండింట్లోనూ కొంత నిజం ఉంది, కానీ రెండూ అసలు సంగతిని వదిలేశాయి.

ఆ సంవత్సరాల్లో టీచర్లకు లాప్‌టాప్‌లు, ప్రొజెక్టర్లు, సీడీల్లో సిద్ధం చేసిన పాఠాలు అందాయి. ఏది నమ్మాలో పిల్లవాడు తేల్చుకోవాల్సిన పని లేదు, సీడీలో ఉన్నదే పాఠం. పరీక్ష ప్రశ్నలు ఇంగ్లిషులోనూ మలయ్‌లోనూ పక్కపక్కనే అచ్చయ్యేవి కాబట్టి ఒక భాష గట్టిగా పట్టుబడకపోయినా గట్టెక్కే వీలుండేది. వెతకడం, పోల్చి చూడడం నేర్పే అవకాశం అక్కడే జారిపోయింది. ఇంగ్లిషు బాగా పట్టుబడిన పిల్లలకు ఆ విధానం నిజంగా మేలు చేసింది, దాన్ని కాదనలేం. కాకపోతే పల్లెటూళ్ల పిల్లలు వెనకబడుతున్నారన్నది దాన్ని వెనక్కి తీసుకోవడానికి చెప్పిన కారణాల్లో ఒకటి. ఆ తర్వాతా నిలకడ రాలేదు. 2016లో కొన్ని బడులు మళ్లీ ఇంగ్లిషును ఎంచుకునే ఏర్పాటు వచ్చింది. అన్న సైన్సు నోట్సు ఇంగ్లిషులో, అదే బడిలో చెల్లెలి నోట్సు తమిళంలో ఉన్న ఇళ్లను తయారుచేసింది ఈ మార్పులే.

భాష మారితే మాటే మారుతుందనుకుంటే పొరపాటు. ఒక్కోసారి సైన్సే తారుమారవుతుంది. తమిళ బడిలో చదివే తెలుగు పిల్ల ద్రవ్యరాశి గురించి తమిళంలో వెతికిందనుకుందాం. తమిళనాడు పుస్తకాల్లో ‘నిరై’ అంటే ద్రవ్యరాశి, ‘ఎడై’ అంటే బరువు. శ్రీలంక పుస్తకాల్లో ద్రవ్యరాశిని ‘తిణివు’ అంటారు, ‘నిరై’ అక్కడ బరువైపోతుంది. మలేసియా తమిళ బడి లెక్కల పుస్తకంలో ద్రవ్యరాశి ‘పొరుణ్మై’. మూడుచోట్లా రాసినవారు నమ్మదగినవారే, ఎవరూ తప్పు రాయలేదు. అయినా మూడు పేజీలు కలిపి చదివిన పిల్లకు తప్పే మిగులుతుంది. మలయ్‌లో వెతికితే ‘జిసిమ్’, ‘బెరాత్’ అని రెండు మాటలు స్పష్టంగా ఉన్నాయి. కానీ సంతలో కూరగాయల తూకానికి వాడే మాట ‘బెరాతే’. తెలుగులోనూ అంతే, ఇంట్లో ‘బరువు’ తప్ప ‘ద్రవ్యరాశి’ వినబడదు. పేజీ ఎవరు పెట్టారో చూడమని పిల్లలకు చెబుతారు గానీ ఏ దేశపు పాఠ్యక్రమం మాట వాడారో చూడమని చెప్పేవారు అరుదు.

నేటి పరిస్థితి మునుపటికంటే మెరుగే. మలయ్ మాటల అర్థం సరిచూసుకోవడానికి మలేసియా ప్రభుత్వ భాషా సంస్థ దేవాన్ బహాసా దాన్ పుస్తాకా వారి ఆన్‌లైన్ నిఘంటువు ఉంది. 2020లో వచ్చిన విద్యాశాఖ ఆన్‌లైన్ వేదిక డెలిమా బడి సామగ్రిని ఒకచోటికి చేర్చింది. తెలుగులో వికీపీడియా 2003 నుంచి ఉంది. వేమూరి వెంకటేశ్వరరావు కూర్చిన ఇంగ్లిషు–తెలుగు నిఘంటువు సైన్సు మాటలకు గట్టి ఆధారం.

ఊరి సంగతులకు వస్తే మాత్రం ఆధారాలు పలచన. 1885లో కట్టిన వాలు గోపురం దీనికి మంచి ఉదాహరణ. బయటికి ఎనిమిది అంతస్తులుగా కనబడే ఆ కట్టడం లోపల మూడే అంతస్తులు. అది ఒరగడానికి నది పక్కన మెత్తటి నేల, పైన నీళ్ల తొట్టి బరువు అన్న రెండు కారణాలూ పేజీ నుంచి పేజీకి అదే వరుసలో నడుస్తాయి. పదిచోట్ల కనబడితే పది సాక్ష్యాలనుకునే పిల్లవాడు నేల పరీక్ష ఎవరు చేశారని అడగడు.

ఆన్‌లైన్‌లో ఉన్న సైన్సు ఆధారాల్లో పిల్లల చేతికి ముందుగా ఇవ్వదగినవి కొలరాడో విశ్వవిద్యాలయం 2002లో మొదలుపెట్టిన ఫెట్ (PhET) కంప్యూటర్ ప్రయోగాలు. తెరమీద స్ప్రింగుకు గుండు తగిలించి అది ఎంత సాగిందో స్కేలుతో కొలవవచ్చు. గుండు మార్చకుండా గురుత్వాకర్షణ ఒక్కటే పెంచితే స్ప్రింగు ఇంకా కిందికి సాగుతుంది. బరువు, ద్రవ్యరాశి వేరని ఏ మాటా అడ్డురాకుండా కళ్లకే కనబడుతుంది. ఫెట్ ప్రయోగాలు మలయ్, తమిళం, తెలుగు భాషల్లోకీ అనువాదమయ్యాయి. 1955లో మలయా ఆంధ్ర సంఘంగా మొదలైన మలేసియా తెలుగు సంఘం అక్షరాలు, పాటలు నేర్పుతోంది. ఆ అక్షరాలు వచ్చిన పిల్లలు ప్రయోగాన్ని తెలుగులోనే తెరిచి చూడగలరు. సంఘం తరగతిలో సైన్సు మాటలు కూడా చేరితే అక్కడ రాసి ఉన్నది అర్థం చేసుకోగలరు.