మండువాలో పడ్డ వాన

కోనసీమలోనూ భీమవరం చుట్టుపక్కలా ఇంకా నిలిచి ఉన్న మండువా లోగిళ్లలో వాన నేరుగా ఇంటి నడుమకే వస్తుంది. నాలుగు వైపులా పెంకుల కప్పు లోపలికి వాలి ఉంటుంది. మబ్బు పట్టిందంటే చూరు కింద బిందెలు, గుండిగలు బారులు తీరేవి. రెండు వాలులు కలిసే మూలల్లో రేకు దోనెలు ఉంటాయి. అక్కడ ధార జోరెక్కువ, అందుకని గంగాళం అక్కడ పెట్టేవారు. కప్పు మీది దుమ్మూ ఎండుటాకులూ పిట్టల రెట్టా కొట్టుకుపోయేదాకా తొలి జల్లును తూములోంచి బయటికి వదిలేసి, ఆ తర్వాతి నీళ్లే పట్టేవారు. ఇప్పుడు గొట్టానికి వాల్వు బిగించి చేయిస్తున్నదీ ఈ పనే.

అలాగని మండువాను వాననీటి కోసమే కట్టారంటే ఒప్పుకోలేం. వెలుతురు, గాలి, ఇంటి ఆడవాళ్లకు చాటు, నలుగురు అన్నదమ్ములకు ఒకే నడిమి చోటు, వీటి కోసం కట్టారు. నీళ్లు కొసరు. రోమన్లు మాత్రం ఆ కొసరునే అసలు చేసుకున్నారు. పాంపే ఇళ్లలోనూ కప్పు ఇలాగే లోపలికి వాలేది. కింద రాతి తొట్టి, దాని అడుగున నేలలో నీటి గది ఉండేవి. అగస్టస్ కాలంలో ఆ ఊరికి కొండల నుంచి నీటి కాలువ వచ్చింది. అప్పటి నుంచి ఆ గదుల అవసరం తగ్గుతూ వచ్చింది.

గోదావరి డెల్టాలో జరిగిందీ దాదాపు అదే. 1832-33 కరువు ఈ ప్రాంతాన్ని కుంగదీసింది. ఇంజనీరు ఆర్థర్ కాటన్ 1847లో ధవళేశ్వరం దగ్గర పని మొదలుపెట్టి 1852కి ఆనకట్ట పూర్తి చేశాడు. ధవళేశ్వరం, ర్యాలి, మద్దూరు, విజ్జేశ్వరం పాయల మీద నాలుగు కట్టలు లేచాయి. ఇప్పుడు మనం చూస్తున్న మండువాలు చాలావరకు ఆ ఆనకట్ట కాలువల కింద పండిన వరి డబ్బుతో కట్టినవే. అంటే వాన పట్టగల ఇల్లు ఊరూరా లేచేసరికి వాన పట్టే అవసరం తగ్గిపోయింది. కాలువ నీళ్లు ఊరి మంచినీళ్ల చెరువులోకి వచ్చేవి. వేసవిలో కాలువలు కట్టేసే ముందే చెరువు నింపుకునేవారు. వరద రోజుల్లో ఎర్రగా వచ్చే నీటిని చిల్లగింజ అరగదీసి తేర్చుకునేవారు. చూరు నీళ్లు పప్పు ఉడకడానికీ బట్టలు ఉతకడానికీ బాగుంటాయని తెలిసినా, వీధి చివర చెరువుండగా గంగాళాలు మోసే ఓపిక ఎవరికుంటుంది!

సముద్రం వైపు కథ వేరు. అంతర్వేది, అల్లవరం, ఉప్పలగుప్తం ప్రాంతాల్లో కాస్త లోతుకు తవ్వితే ఉప్పునీరే. మంచినీళ్లు దాని మీద పల్చని పొరలా తేలుతుంటాయి. దీని లెక్కను 19వ శతాబ్దం చివర, 20వ శతాబ్దం మొదట ఇద్దరు ఐరోపా ఇంజనీర్లు వేరువేరుగా కనిపెట్టారు. మంచినీటి మట్టం సముద్రమట్టానికి ఒక అడుగు పైనుంటే, కిందికి సుమారు 40 అడుగుల దాకా మంచినీరే ఉంటుంది. తిరగేసి చూడండి: మోటారుతో ఆ ఒక్క అడుగూ తోడేస్తే, కింది నుంచి ఉప్పు 40 అడుగులు పైకి లేస్తుంది.

ఇక ఇంకుడు గుంత. 2000లో వచ్చిన నీరు-మీరు కార్యక్రమం, 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల) చట్టం దాన్ని ఊరూరికీ పరిచయం చేశాయి. నీటిమట్టం వందల అడుగులకు దిగజారిన అనంతపురానికి అది మంచి మందు. డెల్టా నల్లరేగడిలో వానాకాలం నీటిమట్టం నేలకు కొద్ది అడుగుల్లోనే ఉంటుంది. అక్కడ గుంత తవ్వితే నీళ్లు ఇంకడం మాట అటుంచి, కింది నుంచే ఊరతాయి. ప్లాను మంజూరు కోసం తవ్వి, ఆనక చెత్త వేసుకునే గుంతలు అందుకే అంత మామూలు. సముద్ర తీరపు ఇసుక మెరకల్లో మాత్రం అదే గుంత అక్కరకొస్తుంది. అక్కడ ఇంకిన ప్రతి చినుకూ ఆ మంచినీటి పొరను మందం చేస్తుంది. మందు ఒకటే, నేలను బట్టి వాడాలి.

రేగడి ఊళ్లకు తగినది నిలవ. ఇక్కడ ఏటా సుమారు 1100 మిల్లీమీటర్ల వాన పడుతుంది. వంద చదరపు మీటర్ల డాబా మీద ఒక్క మిల్లీమీటరు పడితే వంద లీటర్లు. ఐదో వంతు వృథా పోయిందనుకున్నా ఏడాదికి 88 వేల లీటర్లు చేతికొస్తాయి. నలుగురున్న ఇంట్లో తాగడానికీ వండడానికీ రోజుకు 40 లీటర్లు చాలు. వానల్లేని ఆరు నెలలకు 7,200 లీటర్లు. దానికి ఎనిమిది వేల లీటర్ల సిమెంటు తొట్టి, గొట్టం మొదట్లో ఇసుకా గులకరాళ్ల వడపోత, తొలి జల్లు వదిలే దారి ఉండాలి. తాగే నీళ్లు కాచుకోవడం మానకూడదు. మూత కూడా బిగుతుగా ఉండాలి, డెంగీ దోమ గుడ్లు పెట్టేది ఇలాంటి తేటనీళ్లలోనే.