నలుగుపిండి, చెరకు, మన మేనిచాయ

1860 నవంబరు 16న ట్రూరో అనే ఓడ మద్రాసు నుంచి డర్బన్ రేవు చేరింది. అది మొదలు 1911 వరకు 1,52,184 మంది భారతీయులు ఒప్పంద కూలీలుగా నేటాలుకు వచ్చారు. వారిలో విశాఖపట్నం, గోదావరి, ఉత్తర ఆర్కాటు జిల్లాల నుంచి వచ్చిన మన తెలుగువారు అనేకులు. వారితో వచ్చిన ఆచారాలలో నలుగు ఒకటి. పెండ్లిలో నలుగు పెట్టడం మనమందరమూ ఎరిగినదే. అది వేడుక మాత్రమే కాదు, చర్మరక్షణకు పెద్దలు ఏర్పరచిన పద్ధతి కూడాను.

ఒప్పందం అయిదేండ్లు. మొదటి ఏడు నెలకు పది షిల్లింగులు జీతం. చెరకు ఆకు అంచు రంపం వంటిది. కోత కోసేవారి చేతులను, ముఖాన్ని గీరుతుంది. ఎండ, చెమట, దుమ్ము చేరి చర్మం మొద్దుబారుతుంది. అటువంటి ఒంటికి మనవారి మందు నూనె, పిండి. ముందు నువ్వులనూనె పట్టించి నాననివ్వాలి. ఆపైన పెసరపిండి గాని శనగపిండి గాని పసుపుతో కలిపి మెల్లగా రుద్దాలి. చివరకు గోరువెచ్చని నీళ్లు. వాగ్భటుని అష్టాంగహృదయం దినచర్యాధ్యాయంలో నూనె పట్టించడాన్ని అభ్యంగమనీ, పిండితో రుద్దడాన్ని ఉద్వర్తనమనీ చెప్పారు.

ఇందులోని కిటుకును నేటి వైద్యశాస్త్రం వివరించింది. మన చర్మపు పైపొర అంతా మృతకణాలే. సుమారు పదిహేను, ఇరవై వరుసలుంటాయి. అడుగున పుట్టిన కణం పైకి వచ్చి రాలిపోవడానికి నాలుగు వారాలకు పైగా పడుతుంది. వయసు మీరిన కొద్దీ ఇంకా ఆలస్యం. రాలవలసినవి రాలక పేరుకుంటే, ఎంత ఖరీదైన లేపనమైనా పైననే నిలిచిపోతుంది. పాత పెంకు తీస్తేనే పూసిన మందు లోనికి ఇంకుతుంది. నూనె ఆ పెంకును మెత్తబరుస్తుంది, పిండి దానిని ఊడ్చుతుంది.

ఐరోపాలో 1882లో హాంబర్గు చర్మవైద్యుడు పాల్ గెర్సన్ ఉన్నా, శాలిసిలిక్ ఆమ్లం మొదలైనవి చర్మంపై ఎలా పనిచేస్తాయో వర్ణించాడు. 1974లో అమెరికాలో వాన్ స్కాట్, యూ అనే ఇద్దరు, చేపపొలుసుల వలె చర్మం లేచే వ్యాధికి కొన్ని పండ్ల ఆమ్లాలు గుణమిస్తాయని ప్రకటించారు. వాటిలో మిక్కిలి చిన్న అణువు గల గ్లైకాలిక్ ఆమ్లం చర్మంలోకి సులువుగా పోతుంది. అది ప్రకృతిలో చెరకురసంలో ఉన్నది! మన తాతముత్తాతల చేతులను గీరిన చెరకులోనే చర్మాన్ని నునుపు చేసే పదార్థం కూడా ఉన్నదన్నమాట. అయితే నేడు సీసాలలో అమ్మేది చాలావరకు కర్మాగారాలలో తయారైనదే.

ఇంట్లో రుద్దుకోవడానికీ, నిపుణుని చేత చేయించుకోవడానికీ తేడా మోతాదులో ఉన్నది. 1998లో అమెరికా సౌందర్యద్రవ్యాల నిపుణుల మండలి, ఇంట్లో వాడే లేపనాలలో ఈ ఆమ్లాలు 10 శాతం మించరాదనీ, శిక్షణ పొందినవారు కొద్దిసేపు ఉంచి కడిగివేసే వాటిలో 30 శాతం వరకు ఉండవచ్చుననీ తేల్చింది. అంతకు మించినవి వైద్యుని చేతిలోనే ఉండాలి. ఈ ఆమ్లాలు వాడినన్నాళ్లూ, ఆ తరువాత వారం రోజులూ చర్మం ఎండకు త్వరగా కందుతుంది. పైగా మన వంటి చామనచాయ చర్మం కాస్త కాలినా నల్లమచ్చలు పడుతుంది. కనుక మన చర్మాన్ని ఎరిగిన నిపుణుని వద్దకే పోవాలి, తరువాత ఎండకు రక్షణ కావాలి.

ఇక్కడ ఒక మాట చెప్పక తప్పదు. నలుగు పెట్టేది మురికి, మొద్దు తీయడానికి. మేనిరంగు మార్చడానికి కాదు. ఈ దేశంలో 1950 నాటి జనాభా నమోదు చట్టం మనుషులను జాతులుగా విభజించినప్పుడు రూపమూ ఒక కొలబద్ద అయింది. 1991లో అది రద్దయ్యేదాకా ఎక్కడ ఉండాలి, ఏ బడిలో చదవాలి అన్నవి ఆ విభజనను బట్టే సాగాయి. అటువంటి కాలంలో రంగు తేల్చే క్రీములు విరివిగా అమ్ముడుపోయాయి. వాటిలోని హైడ్రోక్వినోన్ వల్ల ముఖాలు నీలినలుపుగా మచ్చలు పడ్డాయని 1975లోనే ప్రిటోరియా వైద్యులు వ్రాశారు. 1990లో ప్రభుత్వం అటువంటి క్రీములను నిషేధించింది. అయినా దొంగచాటుగా అవి మన అంగళ్లకు వస్తూనే ఉన్నాయి.

చెరకుతోటల్లో ఎండకు నల్లబడిన ఒళ్లతోనే మనవారు బిడ్డలను పెంచారు, గుళ్లు కట్టారు, బడులు పెట్టారు. ఆ చాయ మనకు వారిచ్చినది. దానిని శుభ్రంగా, ఆరోగ్యంగా ఉంచుకుందాము, చెరిపివేయడానికి చూడవద్దు. మన ఆడపిల్లలకు నలుగు పెట్టేటప్పుడు ఈ మాట కూడా చెప్పుదాము.